అహ్మద్ జమాల్ ట్రయో: పియానో ఆగిన చోట ఏం వినాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అహ్మద్ జమాల్ గొప్ప జాజ్ పియానిస్టు అని నలుగురూ చెప్పగా 1958లో పర్షింగ్ హోటల్లో తీసిన రికార్డు విన్నారు. వంటింట్లో పని చేసుకుంటూ, ఫోన్ గట్టు మీద పెట్టుకుని. బాగానే ఉంది గానీ, పెద్ద హోటల్లో భోజనం చేస్తుంటే వెనకాల సన్నగా మోగే సంగీతంలా అనిపించింది. ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్ అంతటివాడు ఈయన్ని ఎందుకు నెత్తిన పెట్టుకున్నాడో అర్థం కాలేదు. నాకు వినబడనిది ఏమిటి, ఈయన ట్రయో, అంటే ముగ్గురి బృందం, రికార్డుల్లో తరవాత ఏది వినాలి అని అడిగారు.

మీకు వినబడనిది బాస్, అడుగున మోగే పెద్ద తీగల వాయిద్యం. మాటవరసకు అనడం లేదు, నిజంగానే అది మీ చెవిదాకా వచ్చి ఉండదు. నిలబడి వాయించే డబుల్ బాస్‌లో అన్నిటికంటే కింది తీగ సుమారు 41 హెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది. ఫోన్‌లో ఉండే గోరంత స్పీకరుకు ఆ లోతు అందదు. పియానో పై స్వరాలు, డ్రమ్స్ పక్కన ఉండే సింబల్ అనే ఇత్తడి పళ్ళెం చప్పుడు వస్తాయి, కింద ఉన్నదంతా పోతుంది. చాలామంది పియానిస్టుల రికార్డుల్లో దీనివల్ల మరీ పెద్ద నష్టం ఉండదు, పియానో ఎలాగూ ఆగకుండా మోగుతూనే ఉంటుంది కాబట్టి. జమాల్ అలా వాయించడు. ఒక చిన్న మాట అని చేతులు వెనక్కి తీసేస్తాడు. ఆ ఖాళీలో బాస్ మాట్లాడుతుంది, డ్రమ్స్ నడుస్తాయి. బాస్ తీసేసి వింటే ఎవరో అప్పుడప్పుడూ నాలుగు మీటలు నొక్కి ఊరుకుంటున్నట్టే ఉంటుంది. హోటల్ సంగీతంలా అనిపించిందంటే అందులో మీ తప్పేమీ లేదు.

నాకూ మొదట అలాగే అనిపించింది. నేను ఇరవై రెండేళ్ళు విశాఖపట్నంలో లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించాను. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, కాలేజీ వార్షికోత్సవాలు. కీబోర్డు ముందు కూర్చున్నవాడికి ఒక గుణం పట్టుకుంటుంది, ఖాళీ కనిపిస్తే నింపేయాలి. గాయకుడు ఊపిరి తీసుకునే లోపల ఒక బిట్టు, పల్లవికీ చరణానికీ మధ్య ఇంకో బిట్టు. మా బృందంలో తబలా వాయించే పెద్దాయన ఒక రాత్రి ప్రోగ్రామ్ అయ్యాక సామాన్లు సర్దుకుంటూ, "బాబూ, నువ్వు వాయించేదాంట్లో తప్పేం లేదు. కానీ నాకు చోటేదీ?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆ మాట నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఆ రోజుల్లో రాత్రిళ్ళు షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా జాజ్ అవర్ వినేవాణ్ణి. ఆ కార్యక్రమం నడిపే విల్లిస్ కానోవర్ ప్రతి మాటా విడివిడిగా, నెమ్మదిగా పలికేవారు. మా వచ్చీరాని ఇంగ్లిషుకు కూడా అందేది. జమాల్ పేరు అక్కడే విన్నాను. చిన్న రేడియో, పైగా గరగర. "ఏముంది ఇందులో" అనుకుని వదిలేశాను. తరవాత ఓడలో పనిచేసే మిత్రుడొకడు పర్షింగ్ రికార్డు క్యాసెట్లోకి ఎక్కించి తెచ్చాడు. దాన్ని మా ప్రాక్టీసు గదిలో పెద్ద స్పీకర్ల మీద పెట్టినప్పుడు మొదటిసారి బాస్ వినబడింది. పెద్దాయన అడిగిన చోటు ఇదే అని అప్పుడు తెలిసింది. ఆయన్ని కూచోబెట్టి వినిపించాను కూడా. అందులోని 'పాయిన్సియానా' పాట అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడకుండా తొడ మీద వేళ్ళు ఆడిస్తూ ఉండిపోయారు.

కాబట్టి ముందు ఆ రికార్డే మళ్ళీ వినండి. మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. పని చేసుకుంటూ వద్దు, కూర్చుని వినండి.

ఆ రికార్డు సంగతి కాస్త చెబుతాను. షికాగో నగరం దక్షిణ భాగం నల్లవారి వాడ. అక్కడి పర్షింగ్ హోటల్ లౌంజ్‌లో జమాల్ ట్రయోకి రోజూ వాయించే కొలువు ఉండేది. పియానో జమాల్, బాస్ ఇజ్రాయెల్ క్రాస్బీ, డ్రమ్స్ వర్నెల్ ఫోర్నియే. 1958 జనవరిలో ఆర్గో కంపెనీ అక్కడికే సామగ్రి తెచ్చి రికార్డు చేసింది. రికార్డయినవి 43 పాటలు. అందులోంచి జమాల్ ఏరి ఎనిమిదే ఉంచాడు. వాయించేటప్పుడు ఎంత పొదుపో ఏరేటప్పుడూ అంతే పొదుపు. 'బట్ నాట్ ఫర్ మీ' పేరుతో వచ్చిన ఆ ఎల్‌పీ బిల్‌బోర్డ్ పత్రిక వేసే అమ్మకాల పట్టికలో 100 వారాలకు పైగా నిలిచింది. పాటలు పాడేవాళ్ళెవరూ లేని ఒక జాజ్ ట్రయో రికార్డు అంతకాలం అమ్ముడుపోవడం అప్పటికి మామూలు విషయం కాదు. హోటల్లో వాయించిన సంగీతం అన్న మీ ఊహ ఆ రకంగా నిజమే. గ్లాసుల చప్పుడు, జనం మాటలు వెనక వినబడుతూనే ఉంటాయి. కానీ కొన్నిచోట్ల ఆ మాటలు ఒక్కసారి తగ్గిపోతాయి, కొన్నిచోట్ల ఎవరో ఉండబట్టలేక కేక వేస్తారు. ఆ చోట్లు గుర్తుపెట్టుకోండి. ఆ గదిలో వాళ్ళకు ఏం వినబడిందో మీకూ వినబడాలి.

మొదటి పాట 'బట్ నాట్ ఫర్ మీ' మూడున్నర నిమిషాలు. అందరికీ తెలిసిన పాట కనుక జమాల్ దాన్ని పూర్తిగా వాయించడు. ఒక వాక్యం మొదలు అందించి వదిలేస్తాడు, మిగతాది వినేవాళ్ళే మనసులో పాడుకుంటారు. పైస్థాయిలో రెండు మూడు స్వరాలు మెరిపిస్తాడు, అంతే. మన కర్ణాటక సంగీతంలో కార్వై అంటారే, ఆ నిలుపులో లెక్క ఆగదు, స్వరమే ఆగుతుంది. ఇక్కడా అంతే. పియానో ఊరుకున్నప్పుడు తాళం తప్పకుండా కింద నడుస్తూనే ఉంది, నడిపిస్తున్నది క్రాస్బీ. ఈ పాటను రెండోసారి వినేటప్పుడు పియానో ఉన్నట్టే మరిచిపోయి బాస్ ఒక్కదాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్ళండి. అది వెనక వాయిద్యం పని చేయడం లేదు, తన పాట తాను పాడుతోంది. మూడోసారి ఫోర్నియే బ్రష్‌లు వినండి. స్నేర్ డ్రమ్ చర్మం మీద తీగల కుంచెలను రాస్తూ, అక్కడక్కడా తట్టి వదిలేస్తాడు. చీపురుతో గచ్చు ఊడుస్తున్నంత మెత్తగా మొదలైన ఆ చప్పుడు ఎక్కడ గట్టిపడుతుందో, ఎక్కడ మళ్ళీ తగ్గుతుందో చూడండి. ముగ్గురూ కలిసి ఒకేసారి తగ్గుతారు, ఒకేసారి లేస్తారు. జమాల్ దీన్ని ఖాళీ అనడానికి ఇష్టపడేవాడు కాదు, క్రమశిక్షణ అనేవాడు.

ఇక 'పాయిన్సియానా'. సుమారు ఎనిమిది నిమిషాలు. పేరు వింటే పరాయిగా ఉంటుంది గానీ ఆ చెట్టు మనకు బాగా తెలుసు. మన ఊళ్ళలో ఎండాకాలం ఆకుకంటే పువ్వే ఎక్కువ కనబడేలా ఎర్రగా విరగబూసే తురాయి చెట్టు, కొందరు గుల్‌మొహర్ అంటారు, ఇంగ్లిషులో దాని పేరే రాయల్ పాయిన్సియానా. 1936లో నాట్ సైమన్ బాణీ కట్టగా బడ్డీ బెర్నియర్ మాటలు రాసిన పాట అది. జమాల్ దాన్ని 1955లోనే ఒకసారి రికార్డు చేశాడు. కానీ 1958లో ఫోర్నియే చేతిలో పడ్డాక అది వేరే పాట అయిపోయింది.

ఫోర్నియే న్యూ ఆర్లీన్స్ మనిషి. ఆ ఊళ్ళో బ్యాండ్ మేళంతో వీధుల్లో ఊరేగింపులు జరుగుతాయి, అంత్యక్రియలకు కూడా. ఆ మేళంలో పెద్ద డ్రమ్ మోసేవాడు ఒక చేత్తో డ్రమ్ కొడుతూ రెండో చేత్తో దానిపైన బిగించిన సింబల్‌ను కొడతాడు. ఫోర్నియే ఆ నడకను కుర్చీలో కూర్చుని వాయించే డ్రమ్స్ మీదికి తెచ్చాడు. ఒక చేతిలో మామూలు కర్ర, రెండో చేతిలో కొసన మెత్తటి గుండు ఉన్న మ్యాలెట్. కర్ర చేసే చప్పుడు గలగలమని పైన ఉంటుంది, మ్యాలెట్ చేసేది గుప్ గుప్‌మని కింద ఉంటుంది. మొదటిసారి విన్నవాళ్ళు ఇద్దరు వాయిస్తున్నారనే అనుకుంటారు. మా తబలా పెద్దాయన కూడా ముందు అదే అడిగారు, "ఎంతమంది?" అని.

ఆ నడక మొదలైన క్షణం నుంచి చివరిదాకా మారదు. క్రాస్బీ ఒక చిన్న పదాన్ని పట్టుకుని తిప్పుతూ ఉంటాడు. ఈ రెండింటి మీద జమాల్ పాట వరస ఎత్తుకుంటాడు, వదిలేస్తాడు, ఒక చిన్న ముక్కను పదే పదే అంటాడు, ఉన్నట్టుండి రెండు చేతులా పెద్ద పెద్ద కార్డ్‌లు, అంటే కలిపి నొక్కే స్వరాల గుత్తులు, కొడతాడు, మళ్ళీ చిటికెనవేలితో కొట్టినంత సన్నగా అయిపోతాడు. ఎనిమిది నిమిషాల్లో స్పీడు పెరగదు, లయ మారదు, అయినా ఎక్కడా విసుగు రాదు. ఎందుకు రాదో నేను చాలా ఏళ్ళు వెతికాను. నా చెవికి తెలిసినంతలో కారణం ఇది: లయ ఇద్దరి చేతుల్లో భద్రంగా ఉంది గనక మూడోవాడికి భయం లేదు. ఎంతసేపు ఊరుకున్నా పాట పడిపోదు. అందుకే అతను వాయించిన ప్రతి ముక్కా వాయించాలని వాయించిందే, చోటు నింపడానికి వాయించింది ఒక్కటీ లేదు.

తాళం లెక్క తెలిసినవారికి ఇంకొక్క మాట. అప్పటి అమెరికన్ పాటల్లో చాలావాటికి 32 బార్ల చట్రం ఉంటుంది, బారుకు నాలుగు దెబ్బలు. మన ఆదితాళంలో చెప్పుకుంటే 16 ఆవర్తనాలు. మామూలుగా జాజ్‌లో ఈ చట్రాన్ని ఒకసారి పాటగా వాయించి, తరవాత ఎన్నిసార్లు తిరిగినా అదే చట్రం మీద ఒక్కొక్కరు మనోధర్మం చూపి, చివర మళ్ళీ పాటకు వస్తారు. జమాల్ ఈ చట్రాన్ని తెరిచి పెట్టాడు. ఎనిమిది బార్లు అయ్యాక ముందుకు పోకుండా ఒకే పదం మీద ఆగి ఆ ముగ్గురూ దాన్ని ఎంతసేపు కావాలంటే అంతసేపు తిప్పుతారు. తరవాతి భాగానికి వెళ్ళాలంటే జమాల్ చేత్తో సైగ చేస్తాడు. వయసైపోయాక తీసిన వీడియోల్లో ఇది కంటికి కనబడుతుంది. వాయిస్తూ వాయిస్తూ లేచి నిలబడి డ్రమ్స్ వైపు వేలు చూపిస్తాడు, బాస్ వైపు తల ఊపుతాడు. అంటే పియానో ముందు కూర్చుని మొత్తం వాద్యబృందాన్ని నడిపే పని చేస్తున్నాడు. ఆ బృందంలో ముగ్గురే ఉన్నారు, అంతే తేడా.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందంటే, పుట్టిన ఊరు పిట్స్‌బర్గ్ నుంచే కొంత వచ్చింది. 1930 జులై 2న పుట్టాడు, తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రెడరిక్ రస్సెల్ జోన్స్. మూడేళ్ళకే పియానో మీద చెయ్యి పెట్టాడు. ఏడేళ్ళకు మేరీ కార్డ్‌వెల్ డాసన్ దగ్గర పాఠాలు. తరవాత నల్లవారి ఒపెరా కంపెనీ స్థాపించింది ఆవిడే. చదివిన వెస్టింగ్‌హౌస్ హైస్కూల్లోనే అంతకు ముందు జాజ్‌లో పేరున్న ఎరల్ గార్నర్, బిల్లీ స్ట్రేహార్న్ చదివారు. యూరప్ శాస్త్రీయ సంగీతం, డ్యూక్ ఎలింగ్టన్ జాజ్ రెండూ ఒకే ఇంట్లో వింటూ పెరిగాడు. అందుకే 'జాజ్' అన్న మాటకంటే 'అమెరికన్ శాస్త్రీయ సంగీతం' అనడం ఆయనకు ఇష్టం. యౌవనంలోనే ఇస్లాం తీసుకుని అహ్మద్ జమాల్ అయ్యాడు.

మొదటి ట్రయోలో డ్రమ్స్ లేవు. 1951లో పియానో, గిటార్, బాస్‌తో మొదలైంది, పేరు 'త్రీ స్ట్రింగ్స్'. గిటారిస్టు రే క్రాఫర్డ్ తీగల మీద వేళ్ళతో తట్టి బొంగో అనే చేతి డ్రమ్స్ చప్పుడు తెప్పించేవాడు. ఆ చప్పుడు వింటే డ్రమ్స్ లేని లోటు ఎలా తీర్చుకున్నారో అర్థమవుతుంది. 1955 నాటి ఎపిక్ కంపెనీ రికార్డుల్లో క్రాస్బీ వచ్చి చేరాడు. అందులో మోర్టన్ గూల్డ్ రాసిన 'పవాన్' తప్పక వినండి. మధ్యలో క్రాఫర్డ్ గిటార్ మీద వాయించే ముక్క తరవాత శాక్సఫోనిస్టు జాన్ కోల్ట్రేన్ వాయించిన 'ఇంప్రెషన్స్'కు ప్రాణం అయింది. జాజ్ వినేవాళ్ళెవరైనా మొదటిసారి విని ఉలిక్కిపడతారు.

మైల్స్ డేవిస్ సంగతి అడిగారు కదా. జమాల్ పేరు మైల్స్‌కు చెప్పింది అతని అక్క డొరొతీ, షికాగోలో విని. అప్పటి నుంచి మైల్స్ ఎక్కడ వీలైతే అక్కడ వెళ్ళి వినేవాడు. తన బృందంలో పియానిస్టు రెడ్ గార్లండ్‌ను జమాల్‌లా వాయించమని అడిగేవాడు. ఇది ఊరికే పొగడ్త మాట కాదు, రికార్డుల్లో సాక్ష్యం ఉంది. 1956లో మైల్స్ బృందం రికార్డు చేసినవాటిలో 'అహ్మద్స్ బ్లూస్' ఉంది. 1957 నాటి 'మైల్స్ అహెడ్'లో గిల్ ఎవాన్స్ జమాల్ రాసిన 'న్యూ రుంబా'ను పెద్ద ఆర్కెస్ట్రాకు రాశాడు, జమాల్ వదిలిన ఖాళీలతో సహా. 1958 మార్చిలో శాక్సఫోనిస్టు కానన్‌బాల్ ఆడర్లీ పేరిట మైల్స్ కూడా వాయించగా తీసిన రికార్డులో 'ఆటమ్ లీవ్స్' వాయించిన తీరుకు మూలం 1955లో జమాల్ వాయించిన తీరే. రెండూ పక్కపక్కన పెట్టి వినండి, ఇరవై నిమిషాల పని. మైల్స్ ట్రంపెట్‌లో మనం మెచ్చుకునే ఆ నిలుపులు, ఒక్క స్వరం అని ఆగిపోవడం, ఎవరి దగ్గర విని తెచ్చుకున్నవో మీ చెవికే తెలుస్తుంది.

అప్పటి విమర్శకుల్లో కొందరు మీరన్న మాటే అన్నారు, కాక్‌టెయిల్ పియానో అని తీసిపారేశారు. జనానికి నచ్చింది గనక లోతు ఉండదని అనుకున్నారు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆ రోజుల్లో వేగంగా, నిండుగా వాయించడమే పాండిత్యం అన్న నమ్మకం ఉండేది. జమాల్‌కు ఆ వేగం లేక కాదు. 'ఉడీ అండ్ యూ'లో చూడండి, ఒక్కోచోట కుండపోతగా కురిపించి, ఠక్కున ఆపేస్తాడు. వేళ్ళలో అంత ఉండి చేతులు ఒళ్ళో పెట్టుకోవడం ఎంత కష్టమో వాయించినవాళ్ళకు తెలుస్తుంది.

ఇక తరవాత ఏది వినాలి అన్నదానికి వస్తాను.

ఈ ముగ్గురూ కలిసి ఉన్నది 1962 దాకానే. ఆ నాలుగైదేళ్ళలో వచ్చినవన్నీ వినదగ్గవే గానీ వరస చెప్పమంటే, ముందు అదే పర్షింగ్ రాత్రుల రెండో సంపుటం, ఆ తరవాత 1958 సెప్టెంబరులో వాషింగ్టన్ స్పాట్‌లైట్ క్లబ్‌లో తీసినవి. పర్షింగ్ రికార్డులో మీకు బాస్ పట్టుబడితే స్పాట్‌లైట్‌లో 'ఆటమ్ లీవ్స్' మీకు పండగే. 1961 నాటి 'అల్హంబ్రా' నాకు ప్రత్యేకంగా ఇష్టం. పర్షింగ్ రికార్డు తెచ్చిన డబ్బుతో జమాల్ షికాగోలో సొంతంగా పెట్టుకున్న రెస్టారెంటు అది. మద్యం పోయలేదు. వ్యాపారం నిలవలేదు, ఎక్కువ కాలం నడవకుండానే మూతపడింది, కానీ ఈ రికార్డు మిగిలింది. సొంత గదిలో, తన కోసమే వచ్చినవాళ్ళ ముందు వాయిస్తున్న మనిషి నిబ్బరం అందులో ఉంది. చివరిది 1962 మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కో బ్లాక్‌హాక్ క్లబ్‌లో తీసింది.

ఆ ఏడే ట్రయో విడిపోయింది. క్రాస్బీ, ఫోర్నియే ఇద్దరూ జార్జ్ షీరింగ్ అనే ఇంకో పియానిస్టు దగ్గరికి వెళ్ళారు. ఆగస్టులో క్రాస్బీ చనిపోయాడు, 43 ఏళ్ళే. పదహారేళ్ళ వయసులో, 1935లో, డ్రమ్మర్ జీన్ క్రూపా బృందంతో 'బ్లూస్ ఆఫ్ ఇజ్రాయెల్' రికార్డు చేసినవాడు. బాస్‌ను అలా ముందుకు తెచ్చి నిలబెట్టిన రికార్డులు అంతకు ముందు చాలా అరుదు. ఆయన చివరి రికార్డింగుల్లో ఒకటి షీరింగ్ పేరిట 1962 జూన్‌లో తీసిన 'జాజ్ మొమెంట్స్'. అది జమాల్ రికార్డు కాకపోయినా ఈ వరసలో పెట్టుకుని వినండి. అదే బాస్, అదే డ్రమ్స్, పియానో మాత్రం వేరు. జమాల్ ట్రయోలో జమాల్ వంతు ఎంతో, మిగతా ఇద్దరి వంతు ఎంతో అప్పుడు తేటగా తెలుస్తుంది.

కొనాలనుకుంటే ఒక చిన్న సంగతి. ఆర్గో అనేది షికాగో చెస్ కంపెనీ వారి లేబుల్. 1965లో దాని పేరు క్యాడెట్‌గా మారింది. కాబట్టి పాత ఎల్‌పీల మీద రెండు పేర్లూ కనబడతాయి, సంగీతం ఒకటే. 1956 నుంచి 62 దాకా ఆర్గోలో ట్రయో చేసిందంతా మొజాయిక్ రికార్డు కంపెనీ వారు 2010లో తొమ్మిది సీడీల పెట్టెగా తెచ్చారు. ఎక్కడైనా పాతది దొరికితే వదలొద్దు. వాద్యగోష్ఠి, కోరస్ కలిపి తీసిన 'మకనూడో', 'క్రై యంగ్' లాంటివి మాత్రం ఇప్పుడే వద్దు. అందంగానే ఉంటాయి గానీ మీరు వెతుకుతున్న చోటు అక్కడ నిండిపోయింది.

1964 నుంచి ఇంకో జమాల్. బాస్ జమీల్ నాసర్, డ్రమ్స్ కొన్నాళ్ళు చక్ లాంప్‌కిన్, తరవాత ఫ్రాంక్ గాంట్, మధ్యలో కొద్దికాలం ఫోర్నియే తిరిగి వచ్చాడు. చేతులు బరువెక్కాయి, కింది మీటలు ఉరుముతాయి, పాటలు పది నిమిషాలు దాటతాయి. 1965 నాటి 'ఎక్స్‌టెన్షన్స్' దీనికి మంచి ఉదాహరణ. సియాటిల్ పెంట్‌హౌస్ క్లబ్ నుంచి ఆ రోజుల్లో రేడియోలో ప్రసారమైన కచేరీలు 'ఎమరాల్డ్ సిటీ నైట్స్' పేరుతో 2022 నుంచి సంపుటాలుగా వచ్చాయి. మొదటి రెండూ వచ్చినప్పుడు జమాల్‌కు 92 ఏళ్ళు. నన్నడిగితే పర్షింగ్ తరవాత రెండో స్థానం వీటికే. 1963-64 సంపుటంతో మొదలుపెట్టండి. పాత పొదుపూ, కొత్త ఉధృతీ రెండూ ఒకే పాటలో పోట్లాడుకుంటుంటాయి.

1970 నాటి 'ది అవేకెనింగ్' ఒక్కటి విడిగా చెప్పాలి. నాసర్, గాంట్‌తోనే. ఇందులోని 'ఐ లవ్ మ్యూజిక్' మొదట చాలాసేపు పియానో ఒక్కటే, లయ కూడా బిగించకుండా తనలో తాను ఆలోచించుకుంటున్నట్టు నడుస్తుంది. బాస్, డ్రమ్స్ వచ్చి చేరిన చోట ఒళ్ళు జలదరిస్తుంది. హిప్‌హాప్ వినే మీ పిల్లలకు ఇది ముందే తెలిసి ఉండొచ్చు. 1994లో ర్యాపర్ నాస్ పాడిన 'ది వరల్డ్ ఈజ్ యువర్స్'లో తిరుగుతూ ఉండే పియానో ముక్క దీంట్లోదే. అదే రికార్డులోని 'డాల్ఫిన్ డాన్స్' ముక్క కామన్ అనే ఇంకో ర్యాపర్ పాడిన 'రిసరెక్షన్'లో ఉంది. ఆ కుర్రాళ్ళు వెతికి వెతికి జమాల్ దగ్గరికే ఎందుకు వచ్చారంటే, నాకు తోచింది, ఆయన ముక్కల చుట్టూ గాలి ఉంటుంది. మీద ఇంకొకరు మాట్లాడడానికి చోటు ముందే వదిలిపెట్టి ఉంది.

డెబ్భైలలో ఎలక్ట్రిక్ పియానోతో చేసినవి నేను ఎక్కువ వినను. ఆ పెట్టెలో నొక్కుడుకు తగ్గ తేడా అంతగా పలకదు, జమాల్ బలమంతా ఆ తేడాలోనే ఉంది.

వృద్ధాప్యం మళ్ళీ బంగారం. బాస్ జేమ్స్ కామక్, డ్రమ్స్ ఇద్రిస్ ముహమ్మద్‌తో 2003లో వచ్చిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ మొమెంటమ్' వినండి. డెబ్భై దాటిన మనిషి చేతులవి అంటే నమ్మలేం. ఇద్రిస్ ముహమ్మద్‌ది కూడా న్యూ ఆర్లీన్సే. ఎనభైలలో కొన్నేళ్ళు, చివరి రోజుల్లో మళ్ళీ ఆయన పక్కన కూర్చున్న హెర్లిన్ రైలీదీ ఆ ఊరే. ఫోర్నియే తరవాత కూడా జమాల్ ఆ ఊరివాళ్ళ కోసం తిరిగి తిరిగి వెళ్ళడం కాకతాళీయం అనుకోను. 2012 నాటి 'బ్లూ మూన్'లో తాళవాద్యాలకు మనోలో బద్రేనా కూడా ఉన్నాడు గనక అది లెక్కకు ట్రయో కాదు. అయినా అందులో ఆ పేరుతోనే ఉన్న పాట ఒక్కటి చాలు, పాత 'పాయిన్సియానా'లో మొదలైన పద్ధతి యాభై ఏళ్ళు దాటాక ఎంత దూరం వచ్చిందో తెలియడానికి.

అన్నిటికంటే చివర, 2019లో వచ్చిన 'బాలడ్స్'. అప్పటికి ఆయనకు 89 ఏళ్ళు. 2023 ఏప్రిల్ 16న పోయారు. ఇందులో డ్రమ్స్ అసలు లేవు, ఎక్కువ పాటలు పియానో ఒక్కటే, కొన్నిట్లో కామక్ బాస్. ఇందులోనూ 'పాయిన్సియానా' ఉంది. జీవితమంతా ఆ డ్రమ్స్ నడక మీద వాయించిన పాట. ఇప్పుడు కింద ఎవరూ పట్టుకోలేదు, అయినా అలాగే ఆగుతాడు, అంతంతసేపు ఊరుకుంటాడు. ఆ ఆగిన చోట నాకు మ్యాలెట్ చప్పుడు వినబడుతుంది. మీకు కూడా వినబడాలంటే పర్షింగ్ రికార్డు ఒక పదిసార్లయినా విని ఉండాలి. కాబట్టి దీన్ని ఇప్పుడే పెట్టకండి. ముందు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని 'బట్ నాట్ ఫర్ మీ' మూడుసార్లు, నేను చెప్పినట్టు ఒక్కొక్కరిని పట్టుకుని వినండి. బాస్ వినబడిందో లేదో వచ్చి చెప్పండి, అక్కడి నుంచి మిగతా వరస మాట్లాడుకుందాం.